వంటలక్క కన్నా ముందు

మన దేశంలో మొదటి టీవీ సీరియల్‌ని పోషించింది నూడిల్స్. 1984 జూలై 7న దూరదర్శన్‌లో మొదలైన 'హమ్ లోగ్' కుటుంబ నియంత్రణ, ఆడపిల్లల చదువు లాంటి మంచి మాటలు జనానికి ఎక్కించాలని తీసిన కథ. మంచి మాటలకైనా స్పాన్సరు కావాలి కదా. అప్పుడే మన మార్కెట్లోకి దించిన మ్యాగీని ఎలా అలవాటు చేయాలా అని చూస్తున్న నెస్లే వాళ్లు ముందుకొచ్చారు. ఓ మధ్యతరగతి ఇంటి కష్టాలకి కన్నీళ్లు పెట్టుకుంటూనే, రెండు నిమిషాల్లో ఉడికే తిండి ఒకటి వచ్చిందని దేశం తెలుసుకుంది. సీరియల్ నూట యాభైకి పైగా భాగాలు నడిచి అయిపోయింది. నూడిల్స్ మాత్రం ఇంట్లోనే తిష్ఠ వేశాయి.

టీవీకి వాసన రాదు, రుచి తెలియదు. అయినా పుట్టినప్పటి నుంచీ తిండిని వదల్లేదు. ఎందుకంటే తెర మీద మనం చూసేది కూరని కాదు, కూర వండే మనిషిని. పొయ్యి దగ్గర ఎవరిని నిలబెట్టారు, వండింది ఎవరు తిన్నారు అన్నది వరసగా చూసుకుంటూ వస్తే తెలుగు టీవీ చరిత్ర సగం బయటపడుతుంది.

టీవీ లేని రోజుల్లో కృష్ణా జిల్లా ఆడవాళ్లకి వంట చెప్పిన పెద్దదిక్కు నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్. ఆవిడ 'వంటలు పిండివంటలు' ఎన్ని ముద్రణలు పడిందో, ఎన్ని పెళ్లిళ్లలో కొత్త కోడలి పెట్టెలోకి చేరిందో. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కూడా ఆ పని కొంత చేసింది. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమంలో వంట చెబుతుంటే పెన్సిల్ పట్టుకుని రాసుకునేవాళ్లు. 'చిటికెడు' అన్నారా 'చెంచాడు' అన్నారా అనేది మాత్రం పక్కింటావిడని అడిగి తేల్చుకోవాల్సిందే.

తెలుగు పల్లెలో టీవీ మొదట వెలిగింది 1975 ఆగస్టు 1న. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి కార్యక్రమాలు పంపారు. దాన్నే సైట్ ప్రయోగం అంటారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు లాంటి మెట్ట జిల్లాల ఊళ్లని తీసుకున్నారు. నాలుగు మెతుకులకి లోటులేని కృష్ణా డెల్టాకి అప్పట్లో ఆ అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. సాయంత్రం బడి అరుగు మీద ఊరంతా కూర్చుని చూసిన ఆ కార్యక్రమాల్లో సేద్యం, ఆరోగ్యంతోపాటు పౌష్టికాహారం పాఠాలు కూడా ఉండేవి. అంటే తెలుగు తెర మీద తిండి మొదట రుచిగా రాలేదు, మందులా వచ్చింది. ఇంగ్లండులోనూ దాదాపు ఇదే కథ. 1946లో బీబీసీలో ఫిలిప్ హార్బెన్ ఆప్రాన్ కట్టుకుని వంట మొదలుపెట్టేనాటికి అక్కడింకా రేషన్ కార్డులే నడుస్తున్నాయి. ఉన్నదాంతో సర్దుకోవడం ఎలాగో చెప్పడమే ఆయన పని. తినడాన్ని సంబరంగా మార్చింది ఆ తర్వాతి వాళ్లు, ముఖ్యంగా 1963 నుంచి అమెరికాలో ఫ్రెంచి వంట చేసి చూపించిన జూలియా చైల్డ్.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. ఇక్కడ మా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1979లో కరెంటివ్వడం మొదలుపెట్టింది. ఈ రెండిటికీ సంబంధం ఉందనే నాకనిపిస్తుంది. 80ల్లో బెజవాడ చుట్టుపక్కల ఇళ్లలోకి మిక్సీ, టీవీ ఇంచుమించు జోడుగా వచ్చాయి. టీవీ ముందుగదిలో, మిక్సీ వంటింట్లో. టీవీ మీద లేసు అల్లిన గుడ్డ, గుడ్డ మీద ఓ కొండపల్లి బొమ్మ. ఆదివారం సాయంత్రం సినిమా చూడ్డానికి వీధి వీధంతా వచ్చేసేది కాబట్టి ఆ పూట వంట నాలుగింటికే దించేసేవారు. టీవీ వంట నేర్పడం అటుంచి, ముందు వంట టైమునే మార్చేసింది.

అసలు విందు 1995లో మొదలైంది. ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ. రెండేళ్ల ముందే, 1993లో, జీటీవీలో సంజీవ్ కపూర్ 'ఖానా ఖజానా' తెల్లకోటుతో హిట్టు కొట్టి దారి చూపించాడు. మన ఛానెళ్లకి మధ్యాహ్నం పూట ఖాళీ ఉంది, ఇళ్లలో ఆడవాళ్లున్నారు, మసాలా కంపెనీల దగ్గర డబ్బుంది. ఈటీవీ యాజమాన్యానికైతే 1980 నుంచీ ప్రియా పచ్చళ్ల వ్యాపారం ఉండనే ఉంది. అదే ఛానెల్లో పొద్దున్నే 'అన్నదాత'లో వరి పండేది, తర్వాత 'అభిరుచి'లో అది ఉడికేది. అభిరుచి పేరుతో 2015లో ఏకంగా ఓ ఛానెలే పెట్టారు.

ఆ కార్యక్రమాల నడక ఎవరికైనా కంఠతా వచ్చేసి ఉంటుంది. "ముందుగా స్టవ్ వెలిగించి బాణలి పెట్టుకోవాలి" అంటారు. స్టవ్ వెలిగించకుండా బాణలి పెట్టే వాళ్లెవరో నాకింతవరకు తెలియలేదు. చిన్న చిన్న గాజు గిన్నెల్లో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిరపకాయలు వరసగా ఉంటాయి. మన ఇంట్లో అన్నీ ఒకే పోపులపెట్టెలో ఉంటాయి, ఆ సంగతి వేరు. పోపు చిటపటలాడే చప్పుడు వినిపించేలా మైకు దగ్గరగా పెడతారు. ముప్పావుగంట ఉడకాల్సిన కూరకి మూతపెట్టి, విరామం తర్వాత ముందే వండి దాచిన గిన్నె బల్ల కింద నుంచి తీస్తారు. ఆ తర్వాత యాంకరమ్మ ఘట్టం. చెంచా నోటి దాకా వెళ్లకముందే కళ్లు పెద్దవవుతాయి, నాలిక్కి తగలకముందే "సూపర్ అండీ!" అనేస్తుంది. ఉప్పు తక్కువైందన్న యాంకర్‌ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఈ కార్యక్రమాలు చేసిన మంచి పని ఒకటుంది. అప్పటిదాకా పెళ్లి శుభలేఖల్లో తప్ప పేరు కనిపించని గృహిణులు ఊరి పేరుతో, ఇంటిపేరుతో తెర మీదికి వచ్చి పది నిమిషాలు మాట్లాడారు. పట్టుచీర కట్టుకుని వేపుడు చేయడం కష్టమే, కానీ వాళ్లకది పేరంటమే.

ఈ గృహిణుల హడావిడికి సరిగ్గా ఎదురు కథ 2001 నవంబర్ 18న జెమినిలో మొదలైంది. గుణ్ణం గంగరాజు తలపెట్టిన 'అమృతం'. ఆరేళ్లపాటు ఆదివారం రాత్రులు, మొత్తం 313 భాగాలు. కథకి మూలస్తంభం 'అమృత విలాస్' అనే హోటలు. ఇందులో పొయ్యి దగ్గరున్నది మగవాళ్లు, వాళ్లు ఉండటం వల్లే నవ్వు. కథానాయకుడు అమృతంగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారారు గానీ, అతని నేస్తం అంజిగా మన విజయవాడలో పుట్టిన గుండు హనుమంతరావు చివరిదాకా ఉన్నాడు. వంట బాగుండదు, గిరాకీ రాదు, సర్వం అనే సర్వరు ఏదో ఒకటి తలకిందులు చేస్తాడు, మధ్యలో ఇంటి ఓనరు అప్పాజీ. అయినా రేపో ఎల్లుండో కోటీశ్వరులైపోతామన్న ధీమా. హోటలు పెట్టి చేతులు కాల్చుకున్న వాళ్లు ప్రతి వీధికీ ఒకరుండే బెజవాడలో ఇది కామెడీ కాదు, డాక్యుమెంటరీ. తెలుగు టీవీలో వంట రాకపోవడం మగవాడికి ముద్దుగా ఉంటుందని, రావడం ఆడదానికి విధి అని చెప్పకుండానే చెప్పిన సీరియల్ కూడా ఇదే. దీన్ని నేను తప్పుపట్టడం లేదు, ఇప్పటికీ అన్నం తింటూ చూస్తాను. ఆ హోటలు పిచ్చి ఎంత దూరం పోయిందంటే, 2014లో తీసిన 'చందమామలో అమృతం' సినిమాలో ఏకంగా చంద్రుడి మీద హోటలు పెట్టబోయారు.

తాగుడు సంగతీ చెప్పుకోవాలి, త్వరగా. మద్యం ప్రకటనలని కేబుల్ టీవీ నిబంధనలు ఒప్పుకోవు, 2000లో ఇంకా బిగించారు. దాంతో కంపెనీలు అదే పేరుతో సోడాలు, మ్యూజిక్ సీడీలు అమ్మడం మొదలుపెట్టాయి. తెర మీద గ్లాసు కనిపిస్తే కింద హెచ్చరిక పడుతుంది. అందుకని సీరియళ్లలో అసలు పానీయం కాఫీయే. అత్తగారు కాఫీ అందుకుంటే శాంతి, విసిరికొడితే గొడవ, విలన్ చేతికొస్తే అందులో ఏదో కలిపినట్టు. ఆ కప్పులో కాఫీ ఉండదని పట్టుకున్న తీరే చెప్పేస్తుంది. పొగలు కక్కే కాఫీని ఎవరూ అలా చూపుడువేలితో ఊపుతూ నడవరు.

ఇక 2016, 17. తిండి విషయంలో తెలుగు తెర రూపం మారిపోయింది ఈ రెండేళ్లలోనే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా చవకైంది. ఆ సంవత్సరమే 'కంట్రీ ఫుడ్స్' యూట్యూబ్ ఛానెల్లో వందేళ్లు దాటిన మస్తానమ్మ చేలో కూర్చుని కట్టెల పొయ్యి మీద వండటం మొదలుపెట్టింది. స్టూడియో లేదు, గాజు గిన్నెలు లేవు, యాంకరు లేదు. అల్లం తొక్క గోళ్లతో గీకేసేది. పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబర్‌లో ఆవిడ పోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. బతికినంతకాలం కూలిపని చేసుకున్న మనిషిని, నాకు తెలిసి టీవీ ఛానెళ్ల మధ్యాహ్నం వంటగది ఎన్నడూ పిలవలేదన్నది గుర్తుంచుకోవాలి.

2017 జూలై 16న స్టార్ మాలో బిగ్ బాస్ వచ్చింది. ఆ మొదటి సీజన్‌కి జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాత, ఇల్లు లోనావాలాలో. ఇక్కడ తిండి అంటే రేషన్. ఎవరి వాటా గుడ్లెన్ని, పాల ప్యాకెట్ ఎవరు ఖాళీ చేశారు, కూర ఎవరు దాచుకున్నారు. లగ్జరీ బడ్జెట్ గెలిస్తే చికెన్, ఓడితే పప్పన్నం. సినిమాల్లో పాతికమందిని చితక్కొట్టిన హీరోలు గిన్నెలు తోమే వంతు కోసం పోట్లాడుకున్నారు. మగవాళ్లని వంటింట్లోకి నిజంగా నెట్టిన తెలుగు కార్యక్రమం ఏదంటే నేను దీన్నే చెబుతాను.

అదే ఛానెల్లో అదే ఏడాది అక్టోబర్ 16న 'కార్తీకదీపం' మొదలైంది. మలయాళం 'కరుత్తముత్తు'కి తెలుగు రూపం. భర్త అనుమానించి దూరం పెడితే, వంటలు చేసుకుని బిడ్డని పెంచుకునే దీపగా ప్రేమి విశ్వనాథ్. జనం దీప అన్న పేరు మరిచిపోయారు, వంటలక్క అన్నారు. భర్తని చదువు పేరుతో డాక్టర్ బాబు అంటే, ఆవిడకి చేసే పని పేరు దక్కింది. అంతకుముందు సీరియల్ నాయికలకి వంటిల్లంటే ఏడవడానికి ఓ చోటు, అంతే. ఈవిడకి అది జీతం. ఇరవయ్యేళ్లకి పైగా పట్టుచీరలతో ఊరికే వండిపెట్టిన గృహిణుల తర్వాత, వంటకి డబ్బు తీసుకునే ఆడమనిషి నాయిక కావడం చిన్న విషయం కాదు. 2023 జనవరి దాకా ఆ సీరియల్ నడిచింది, మరుసటేడు రెండో భాగం మొదలైంది.

అయితే ఓ ముచ్చట చెప్పాలి. రాత్రి ఏడున్నరకి తెర మీద వంటలక్క కష్టపడుతుంటే, ఆ టైములో ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్‌లో కర్రీ పాయింట్ల దగ్గర నిలబడటానికి చోటుండేది కాదు. హైదరాబాద్ రోడ్డూ, జగదల్‌పూర్ రోడ్డూ కలిసే చోటు కదా, లారీల వాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్ల మధ్యలో థర్మల్ నుంచి డ్యూటీ దిగొచ్చిన మగవాళ్లు, పాలిథిన్ కవర్లో పప్పు, ఇంకో కవర్లో దొండకాయ వేపుడు, మెడ దగ్గర రబ్బరుబ్యాండు బిగించి. ఇంట్లో కుక్కర్లో అన్నం మాత్రం పడి ఉంటుంది. సీరియల్ టైములో కూర అడగకూడదని వాళ్లకి తెలుసు.

తర్వాతివి కలిసొచ్చినవి కొన్ని, రానివి కొన్ని. 2021లో జెమినిలో మాస్టర్‌షెఫ్ తెలుగు వచ్చింది, వెండి గిన్నెల్లో మన ఉలవచారుని చుక్కలు చుక్కలుగా పెడితే జనానికి ఆకలి వేయలేదు. 2025లో స్టార్ మా 'కుకు విత్ జాతిరత్నాలు' పెట్టింది. తమిళంలో 2019 నుంచి ఆడుతున్న 'కుకు విత్ కోమాళి' పద్ధతే. వంట వచ్చిన వాళ్ల పక్కన రాని వాళ్లని నిలబెడతారు, వాళ్లు ఉల్లిపాయ కోయమంటే వేలు కోసుకున్నంత పని చేస్తారు. 'అమృతం' అంజి బతికుంటే అందులో జడ్జీగా కూర్చోబెట్టాల్సిందని మా ఇంట్లో ఓ వాదన ఉంది. కాదు, పోటీదారుగానే నిలబెట్టాలని నేనంటాను.