టికాండెరోగా స్కైహాక్ ప్రమాదం (1965)

1965 డిసెంబర్ 5న ఫిలిప్పీన్ సముద్రంలో, అమెరికా విమానవాహక నౌక టికాండెరోగా మీది నుంచి ఒక ఏ-4ఈ స్కైహాక్ యుద్ధవిమానం దొర్లి నీళ్లలో పడిపోయింది. లోపల పైలట్ డగ్లస్ వెబ్‌స్టర్ ఉన్నాడు. విమానానికి బీ43 రకం హైడ్రోజన్ బాంబు తగిలించి ఉంది. మనిషి, విమానం, బాంబు ఏదీ దక్కలేదు. అక్కడ సముద్రం లోతు సుమారు 4,900 మీటర్లు. ప్రమాదం క్షణాల్లో ముగిసింది కానీ, అది ఎక్కడ జరిగిందన్నది లోకానికి తెలియడానికి 24 ఏళ్లు పట్టింది.

టికాండెరోగా రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ. 1945 జనవరిలో జపాన్ ఆత్మాహుతి విమానాల దెబ్బ తిని కూడా బతికి బయటపడింది. 1964 ఆగస్టు నాటి టాంకిన్ సింధుశాఖ ఘటనలో దీని విమానాలు పాల్గొన్నాయి. ప్రమాదం నాటికి వియత్నాం యుద్ధ విధుల నుంచి జపాన్‌లోని యోకొసుకా రేవుకు వెళ్తోంది. వియత్నాం మీద వేసేవి మామూలు బాంబులే. కానీ ప్రచ్ఛన్న యుద్ధం కాబట్టి, ఓడలో అణుబాంబులు కూడా ఉండేవి. వాటిని విమానాలకు ఎక్కించి, సిద్ధం చేసే కసరత్తులను సిబ్బంది నిజమైన బాంబులతోనే చేసేవారు.

ఆ రోజు జరిగిందీ అలాంటి కసరత్తే. విమానవాహకంలో విమానాలను ఉంచే హ్యాంగర్ కింది అంతస్తులో ఉంటుంది, అవి ఎగిరే డెక్కు పైన ఉంటుంది. రెంటికీ మధ్య పెద్ద లిఫ్టులు తిరుగుతాయి. టికాండెరోగా రెండో నంబరు లిఫ్టు ఓడ పక్క అంచున, సముద్రం మీదికి చొచ్చుకుని ఉండేది. సిబ్బంది స్కైహాక్‌ను చేతులతో వెనక్కి నెడుతూ హ్యాంగర్ నుంచి ఆ లిఫ్టు మీదికి తెస్తున్నారు. ఇంజన్ నడవడం లేదు. విమానాన్ని ఆపాలంటే కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు బ్రేకు తొక్కాలి. బ్రేకు వేయమని ఈలలు ఊదామని, చేతులూపామని ఆనాటి సిబ్బంది తర్వాత చెప్పుకున్నారు. విమానం మాత్రం ఆగలేదు, అంచు దాటి పడిపోయింది. కాపలాగా వస్తున్న డిస్ట్రాయర్లు గాలించాయి. దొరికింది పైలట్ హెల్మెట్ ఒక్కటే. వియత్నాం ఆకాశంలో దాడులు చేసి వచ్చిన ఓడలో, గాల్లోకి లేవను కూడా లేవని విమానంలో 24 ఏళ్ల మనిషి పోయాడు. బాంబు ఊసు బయటికి పొక్కకూడదు కాబట్టి, ఆ చావు అసలు కథ కూడా దాంతోపాటే మరుగున పడింది.

స్కైహాక్ చిన్న విమానం. డగ్లస్ కంపెనీ ఇంజినీరు ఎడ్ హైన్‌మన్ దాన్ని ఎంత పొందికగా రూపొందించాడంటే, ఓడల మీది ఇతర విమానాల్లాగా రెక్కలు మడవాల్సిన పనే లేదు. ఆ బుల్లి విమానం మోసిన బీ43 గరిష్ఠ శక్తి ఒక మెగాటన్. హిరోషిమా బాంబుకు అది అరవై రెట్ల పైమాటే.

ఆరు వారాలకే, 1966 జనవరి 17న, స్పెయిన్‌లోని పాలోమారెస్ ఊరి మీద అమెరికా బీ-52 బాంబర్ కూలి నాలుగు హైడ్రోజన్ బాంబులు పడ్డాయి. మూడు నేల మీద పడటంతో దాచడం కుదరలేదు. మధ్యధరా సముద్రంలో పడ్డ నాలుగోదాన్ని ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి సాయంతో వెతికి ఏప్రిల్‌లో పైకి తీశారు. పసిఫిక్‌లో మునిగినదాని గురించి అడిగేవాళ్లే లేరు. అడిగినా ఆల్విన్ అంత లోతుకు దిగలేదు. ఆ రోజుల్లో దాని హద్దు 1,800 మీటర్లు.

1981లో అమెరికా రక్షణ శాఖ తన అణ్వాయుధ ప్రమాదాల జాబితాను బయటపెట్టింది. అందులో ఈ ఘటనకు దక్కింది నాలుగు ముక్కలు: ఓడ పేరు లేదు, తీరానికి 500 మైళ్లకు పైగా దూరాన జరిగిందని మాత్రం ఉంది. 1989లో గ్రీన్‌పీస్ తరఫున పరిశోధించిన విలియం ఆర్కిన్, జాషువా హ్యాండ్లర్‌లు ఓడ రికార్డులు తిరగేసి అసలు స్థానం తేల్చారు. జపాన్ ర్యుక్యు ద్వీపమాలికకు అది సుమారు 80 మైళ్లే. ఆసియా ప్రధాన భూభాగం నుంచి కొలిస్తే తప్ప 500 మైళ్ల లెక్క నిలవదు. దీవులను నేలగా లెక్కించకపోవడం, ఎంత మర్యాదగా చెప్పినా, అబద్ధానికి చాలా దగ్గర.

జపాన్‌లో దుమారం రేగింది. చేరువలోని కికాయ్ దీవి ఉన్న అమామి దీవులను అమెరికా 1953లోనే జపాన్‌కు తిరిగి ఇచ్చేసింది. అణ్వాయుధాలను తయారు చేయం, ఉంచుకోం, దేశంలోకి రానివ్వం అన్న మూడు సూత్రాలను ప్రధాని సాటో ప్రకటించింది ప్రమాదం తర్వాత, 1967లో. అయితే అణ్వాయుధాలు తేవాలంటే ముందుగా సంప్రదించాలన్న ఏర్పాటు 1960 భద్రతా ఒప్పందం నాటిదే. అందుకే టోక్యో అడిగిన ప్రశ్న బాంబు గురించే కాదు, ఆ ఓడ యోకొసుకాకు ఏమేమి మోసుకొచ్చింది అన్నదాని గురించి కూడా. అణ్వాయుధాల ఉనికిని ధ్రువీకరించం, ఖండించం అన్నది అమెరికా నౌకాదళం విధానం. బాంబు పేలే అవకాశమే లేదని, పర్యావరణానికి ముప్పు లేదని అమెరికా చెప్పింది. బాంబును వెలికితీసే ప్రయత్నం మాత్రం జరగలేదు.

యోకొసుకా ప్రశ్నకు జవాబు 2010 మార్చిలో వచ్చింది. అణ్వాయుధాలున్న అమెరికా నౌకలు ముందస్తు సంప్రదింపులు లేకుండానే రేవుల్లోకి వచ్చేలా ఇరు ప్రభుత్వాల మధ్య రహస్య అవగాహన ఉండేదని, జపాన్ విదేశాంగ శాఖ నియమించిన నిపుణుల సంఘం తేల్చింది.