ఆందోళన రుగ్మతలకు వర్చువల్ రియాలిటీ చికిత్స

భయపెట్టే సందర్భాన్ని కంప్యూటర్‌తో సృష్టించి, తలకు తొడిగిన హెడ్‌సెట్‌లో చూపిస్తూ, మనిషిని ఆ భయానికి మెట్టు మెట్టుగా ఎదురు నిలబెట్టే మానసిక చికిత్స ఇది. ఎత్తు, విమానం, సాలీడు, ఇరుకు గది, జనసమ్మర్దం, నలుగురి ముందు మాట్లాడటం వంటి భయాలకు దీన్ని ఎక్కువగా వాడుతున్నారు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో రూపుదిద్దుకుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లకు ఇది ఏ రూపంలో వస్తే పనికొస్తుందన్నది ఇప్పుడు ఆలోచించదగ్గ సంగతి.

పరీక్షకు ముందు గుబులు అందరికీ ఉంటుంది. అది నెలల తరబడి వదలక, రోజువారీ బతుకునే అడ్డుకుంటే రుగ్మత అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో ప్రపంచంలో 30.1 కోట్ల మందికి ఆందోళన రుగ్మతలు ఉన్నాయి. మన దేశంలో 2017 నాటికి 4.49 కోట్ల మంది వీటితో బాధపడుతున్నారని లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. బెంగళూరు నింహాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మరో కఠిన సత్యం చెప్పింది: కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదు.

కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో పనికి పోయి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఒకరికి కిక్కిరిసిన పెట్టెలో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణం పోతున్నట్టు అనిపించిందనుకుందాం. ఆస్పత్రిలో ఈసీజీ తీస్తే గుండె బాగానే ఉంటుంది. అయినా మర్నాడు ఆ రైలెక్కడానికి కాలు రాదు. ఎక్కకపోతే హాయిగా ఉంటుంది. ఆ హాయే భయానికి మేత. కొన్నాళ్లకు బస్సన్నా భయమే, ఇంకొన్నాళ్లకు పని మానేయడమే. ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు. వాళ్ల ప్రేమలో లోటేమీ లేదు. కానీ తప్పించుకు తిరిగినంత కాలం, ఆ రైల్లో ప్రమాదమేమీ లేదని మెదడుకు తెలిసివచ్చే అవకాశమే దొరకదు.

ఆ అవకాశం కల్పించే పద్ధతి పేరు ఎక్స్‌పోజర్. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడు ఇష్టంగా తింటున్న వేళల్లో కుందేలును రోజురోజుకూ కాస్త దగ్గరకు తెచ్చి అతని భయం పోగొట్టారు. 1958లో జోసెఫ్ వోల్పే, భయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చి ఎదుర్కొనే విధానాన్ని పుస్తకంగా వెలువరించారు. చిక్కంతా ఆచరణలోనే. విమాన భయం ఉన్నవారిని పదిసార్లు విమానం ఎక్కించడం ఎవరి తరం?

ఈ చిక్కు విప్పడానికే ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త బార్బరా రోత్‌బామ్, జార్జియా టెక్ కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ హాడ్జెస్ చేతులు కలిపారు. ఎత్తంటే భయపడే 20 మంది కాలేజీ విద్యార్థులతో వారు చేసిన ప్రయోగం 1995లో వెలువడింది. హెడ్‌సెట్‌లో గాజు లిఫ్టు, వంతెనలు, బాల్కనీలు చూపించారు. అప్పటి బొమ్మలు ఇవాళ్టి ఫోన్ ఆటల ముందు మొరటుగా కనిపిస్తాయి. అయినా చికిత్స పూర్తి చేసిన 10 మందిలో ఏడుగురు తమంతట తామే బయట నిజమైన ఎత్తులకు వెళ్లి తమను పరీక్షించుకున్నారు. కనిపించేది బొమ్మేనని బుద్ధికి తెలిసినా శరీరం నిజమనే స్పందిస్తుంది. ఈ చికిత్సకు పునాది అదే.

ఇదే పద్ధతి తర్వాత వియత్నాం, ఇరాక్ యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులకూ చేరింది. యుద్ధం వంటి ఘోర అనుభవాల తర్వాత వచ్చే మానసిక రుగ్మతను 2013 నుంచి అమెరికా వర్గీకరణలో ఆందోళన రుగ్మతల నుంచి విడదీశారు గనుక అది వేరే వ్యాసం.

చికిత్స గదిలో ఏం జరుగుతుందో మన దగ్గరి చోటుతోనే ఊహించవచ్చు. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ 4 వేల అడుగులకు పైగా ఎత్తు. అక్కడి గాలిబండ అంచున నిలబడాలన్నది లక్ష్యమైతే మొదటి మెట్టు ఘాట్ రోడ్డు మలుపు కావచ్చు, తర్వాత బండకు దూరంగా నిలబడటం, ఆ తర్వాతే అంచు. ప్రతి మెట్టు దగ్గరా తన భయం 0 నుంచి 100 లోపు ఎంతో రోగి చెబుతుంటాడు. రోగికి కనిపించేదే నిపుణుడు తెర మీద చూస్తుంటాడు. అంకె దిగాక, లేదా ముంచుకొస్తుందనుకున్న ఆపద రాలేదని తేలాకే పై మెట్టు. కళ్లు మూసుకోవడం, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం, లోలోపల అంకెలు లెక్కపెట్టుకోవడం కూడా తప్పించుకోవడమే. మంచి నిపుణుడి పనితనం వీటిని పట్టుకుని సౌమ్యంగా మాన్పించడంలో ఉంటుంది.

ఫలితాల మాట. 2019లో 30 ప్రయోగాలను, 1,057 మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణలో, చికిత్స కోసం వేచి ఉన్నవారికంటే ఇది తీసుకున్నవారు ఎంతో మెరుగుపడ్డారు. నిజ సందర్భాల్లో చేసే ఎక్స్‌పోజర్‌తో పోలిస్తే పెద్ద తేడా కనిపించలేదు. అంటే దీని గొప్పతనం ఎక్కువ నయం చేయడం కంటే, రోగిని గుమ్మం దాటించడంలో ఉంది. స్పెయిన్ పరిశోధకులు 2007లో 150 మంది రోగులను అడిగితే, నిజ వస్తువును ఎదుర్కోవడానికి 27 శాతం మంది ఒప్పుకోలేదు. వర్చువల్ రియాలిటీకి ఒప్పుకోనివారు 3 శాతమే.

ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం 2018లో ఇంకో అడుగు వేసింది. నిపుణుడి బదులు హెడ్‌సెట్‌లోని కల్పిత శిక్షకురాలే పదంతస్తుల భవనంలో దారి చూపింది. 100 మందితో చేసిన ఆ ప్రయోగంలో, చికిత్స పొందినవారికి ఎత్తు భయం సగటున 68 శాతం తగ్గింది. మానసిక నిపుణులు అరుదైన ప్రాంతాలకు ఇది నిజంగా శుభవార్త.

పరిమితులూ ఉన్నాయి. ఫలానా వస్తువో చోటో లేని, ఎడతెగని చింతకు ఇది అంతగా అమరదు. కదులుతున్నామని కన్ను, కదల్లేదని లోచెవి చెప్పే ఘర్షణలో కొందరికి తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. మూర్ఛ ఉన్నవారు డాక్టర్ని అడగనిదే హెడ్‌సెట్ పెట్టుకోకూడదు.

చికిత్స చోటు మారడం మదనపల్లెకు తెలియనిది కాదు. పక్కనే ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. 1950ల చివర్లో మద్రాసు పరిశోధన, ఇంట్లో ఉండి మందులు వాడినా దాదాపు అంతే ఫలితమని తేల్చాక వైద్యం రోగి ఇంటికి నడిచింది. ఈ చికిత్సనూ అలా దగ్గరకు తేవడానికి ఆసరాలున్నాయి. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. 2025లో అక్కడి ఏరియా ఆస్పత్రిలో, రోగులను దూరంలోని వైద్యులతో ఆన్‌లైన్‌లో కలిపే టాటా డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. కావలసింది మన దృశ్యాలు. లండన్ మెట్రో చూపిస్తే కుప్పం రైలు భయం పూర్తిగా కదలదు. మదనపల్లె టమోటా మార్కెట్ వేలం కేకలు, పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర జనం, బెంగళూరు రైలు పెట్టె, వీటిని 360 డిగ్రీల కెమెరాతో తీయడం ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. శిక్షకురాలి గొంతు కూడా తమిళం, కన్నడం కలగలిసే ఈ సరిహద్దు తెలుగులో పలకాలి. మన వైద్య కళాశాలలూ విశ్వవిద్యాలయాలూ పూనుకోవలసిన పని ఇది.

హెడ్‌సెట్ దొరికేదాకా ఆగనక్కర లేదు. ఇదే మెట్ల పద్ధతిని నిపుణుల సాయంతో నిజమైన రైల్లో, నిజమైన కొండ మీద చేయవచ్చు. నిపుణులు ఎక్కడున్నారో తెలియనివారు, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.