సంచి మీద లేని పేరు: మన కాఫీ ప్యాకెట్ చరిత్ర



మన తమ్ముళ్లు, చెల్లెళ్లు తేనె, కాఫీ పొడి, రాగి బిస్కెట్లు సొంత పేరుతో అమ్ముదామని మాట్లాడుకుంటున్నారు. ప్యాకెట్ డిజైన్ అనగానే రంగులు, బొమ్మ గుర్తొస్తాయి. మన సరుకు చరిత్ర చూస్తే మాత్రం అన్నిటికన్నా ముందు తేలాల్సింది దాని మీద ఎవరి పేరు ఉండాలన్నదే.

మన పెద్దవాళ్లు వెదురు బుట్టల్లో, అడ్డాకుల్లో సరుకు కట్టుకుని సంతకు దిగేవాళ్లు. షావుకారి కాటా ఎక్కాక అది షావుకారి సరుకే. అప్పు కింద పంటే కాదు, భూమి కూడా పోతుంటే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీ మీద, భూముల బదలాయింపు మీద చట్టం తేవాల్సి వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, వచ్చింది. 'గిరిజన్' పేరుతో తేనె సీసాలు పట్నం కొట్లకు చేరాయి. అది చిన్న మార్పు కాదు. అయితే అది అందర్నీ కలిపి పిలిచే పేరు. భగత, కొండదొర, కోదు, పోర్జ అన్న పేర్లు అందులో వినపడవు.

కాఫీ సంగతి ఇంకా విచిత్రం. 1942 కాఫీ చట్టం కింద దేశంలో రైతులు పండించిన కాఫీని బోర్డు పూల్‌కి అప్పగించాలి. అక్కడ రకాల వారీగా కలిపేసి వేలం వేసేవాళ్లు. కలిపేశాక ఏ కొండ గింజ ఏదో ఎవరికి తెలుస్తుంది? మన ఏజెన్సీలో 1960ల నుంచి అటవీ శాఖ తోటలు, తర్వాత ఐటీడీఏ ద్వారా మన కుటుంబాల తోటలు పెరిగాయి. గోనె సంచిలో వెళ్లిన గింజకు మాత్రం ఊరు లేదు, పేరు లేదు.

1990ల మధ్యలో పూల్ పద్ధతి పోయింది. అప్పుడే పేరుకు దారి దొరికింది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. ఇక ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడుకునేది కాదు. రైతులు దాన్ని వాడుకునే హక్కుదారులుగా నమోదు చేయించుకోవచ్చు. మన కుటుంబాలు ఆ నమోదులో ఉన్నాయా? ప్రతి ఊళ్లో అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇప్పుడు ప్యాకెట్ దగ్గరికి వద్దాం. వేయించిన గింజ కొన్ని రోజులపాటు బొగ్గుపులుసు గాలి వదులుతూనే ఉంటుంది. మూసేస్తే సంచి ఉబ్బిపోతుంది. అందుకే గాలి బయటికి మాత్రమే పోయే చిన్న వాల్వ్ పెడతారు. వెలుతురు, తేమ, బయటి గాలి తగిలితే వాసన పోతుంది కాబట్టి లోపల అల్యూమినియం పొర ఉంటుంది. గింజలు కనపడాలని అద్దంలాంటి కవరు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, రుచి మాత్రం త్వరగా పోతుంది.

వెనక వైపు చట్టం అడిగేవి ఉంటాయి: పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, గడువు, ధర, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారుచేసిన లేదా ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా. జాగ్రత్తగా చూడండి. పండించినవాళ్ల పేరు చట్టం అడగదు. అందుకే ముందు థింసా ఆడే మన ఆడవాళ్ల బొమ్మ, వెనక పట్నం కంపెనీ చిరునామా వేసి అమ్మినా నిబంధన తప్పినట్టు కాదు.

చట్టం అడగనంత మాత్రాన రాయకూడదని కాదు. వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో తప్పకుండా ఉండాలి, వాటితోపాటు వేరే భాష కూడా వేసుకోవచ్చు. అంటే తెలుగు వేయొచ్చు, కువి మాటను తెలుగు అక్షరాల్లో వేయొచ్చు, ఆదిలాబాద్ వాళ్లయితే గుంజాల గోండి లిపిలోనే వేయొచ్చు.

కాబట్టి డిజైనర్ దగ్గరికి వెళ్లేముందు ఊళ్లో కూర్చుని మూడు సంగతులు తేల్చుకుందాం. ముందు ఏ ఊరి పేరు వేయాలి? వెనక చిరునామా మన సంఘానిదేనా? బొమ్మలో ఉన్నవాళ్లను అడిగామా? రంగులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

జై ఆదివాసీ!