గుండు అడుగున బెండు ముక్క



బారామహల్ గురించి రాసినప్పుడు తుపాకుల మాట వచ్చింది. దాన్ని ఇంకొంచెం విడమరచి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

తుపాకి గుండు అనగానే మనం దాని ముక్కునే చూస్తాం. ముక్కు వాడిగా ఉంటే బాగా పోతుంది అనుకుంటాం. కానీ గుండు కథంతా దాని అడుగులోనే ఉంది. ఆ అడుగు కథకి మన దక్షిణ దేశంతో సంబంధం ఉంది.

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ టిప్పు సుల్తాను చేతిలోంచి కంపెనీ చేతికి వచ్చింది. మన ధర్మపురి, కృష్ణగిరి అందులోవే. అప్పటి కంపెనీ సిపాయి భుజాన ఉన్నది బ్రౌన్ బెస్ అనే తుపాకి. దాని గొట్టం లోపలి వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు. అందులో వేసే సీసపు గుండు 17.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది. ఆ సందు కావాలనే వదిలారు. నల్లమందు నాలుగుసార్లు కాలిస్తే గొట్టం నిండా మసి పడుతుంది. సరిగ్గా పట్టే గుండు అయితే ఆ మసిలో దిగదు, యుద్ధం మధ్యలో సిపాయి చేతులు కట్టేసినట్టే.

సందు ఉంటే ఇంకో నష్టం ఉంది. మందు కాలినప్పుడు పుట్టే గాలిలో కొంత పక్కనుంచి తప్పించుకుంటుంది. గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ పోతుంది. 100 గజాలు దాటితే ఒక మనిషిని గురిపెట్టి కొట్టడం అదృష్టం మీదే. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు కోసిన రైఫిల్ ఉంటే గురి కుదురుతుంది. కానీ దానికి గుండు బిగుతుగా ఉండాలి, బలవంతంగా దించాలి. ఒకటి దించేలోపు బ్రౌన్ బెస్ సిపాయి రెండు మూడు కాల్చేస్తాడు.

కాబట్టి చిక్కు ఇది: గుండు లోపలికి పోయేటప్పుడు వదులుగా ఉండాలి, బయటికి వచ్చేటప్పుడు బిగుతుగా ఉండాలి. ఒకే గుండు రెండు రకాలుగా ఎలా ఉంటుంది?

జవాబు మన దక్షిణాదిలో ఊదుగొట్టంతో వేటాడేవాళ్ల చేతిలో ఉంది. బ్రిటిష్ సైన్యం 34వ రెజిమెంటు కెప్టెన్ జాన్ నార్టన్ ఇక్కడ పనిచేస్తున్నప్పుడు వాళ్ల ఊదుగొట్టం బాణాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. బాణం వెనుక మెత్తటి బెండు ముక్క ఉంది. తమిళంలో నెట్టి అంటామే, దండలు కట్టడానికి వాడతారే, అలాంటిది. నోటితో ఊదగానే ఆ బెండు ఉబ్బి గొట్టం గోడలకి అంటుకుంటుంది. గాలి పక్కకి పోదు, ఊపిరంతా బాణానికే దక్కుతుంది.

నార్టన్ 1823లో దాన్ని సీసంలోకి మార్చాడు. గుండుని పొడవుగా చేసి అడుగున గుంట పెట్టాడు. కాల్చగానే గాలి ఆ గుంటలోకి తోసుకుని అంచుల్ని విప్పుతుంది, గుండు గాడుల్ని పట్టుకుంటుంది. పైవాళ్లు అక్కరలేదన్నారు. 1836లో విలియం గ్రీనర్ గుండు వెనుక బిరడా పెట్టి అదే పని చేయించాడు. అదీ వద్దన్నారు. 1849లో ఫ్రాన్సులో క్లాడ్ మినియే అడుగు గుంటలో ఇనుప గిన్నె పెట్టి చూపించాడు. అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి 20,000 పౌన్లు ఇచ్చింది. గ్రీనర్ గోల చేయగా చేయగా 1857లో 1,000 పౌన్లు ఇచ్చారు.

బెండు చెక్కినవాడికి ఏమీ లేదు. నార్టన్ కథలో అతను ‘దక్షిణ భారత వాసి’, అంతే.

ఆ ఆలోచన మళ్లీ మన దేశానికే వచ్చింది, వేరే వేషంలో. 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గుండు కూడా అడుగు విప్పుకునే గుండే. దాన్ని మందుతో కలిపి కాగితంలో చుట్టి, గొట్టంలో సులువుగా దిగడానికి కొవ్వు పూశారు. ఆ కాగితాన్ని పళ్లతో చింపాలి. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పుట్టింది. మార్చిలో బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మే 10న మీరట్ లేచింది. తిరుగుబాటుకి కారణాలు చాలా ఉన్నాయి, తూటా ఒక్కటే కాదు. అయినా నిప్పు అంటుకున్నది ఆ కాగితానికే.

చేతి తుపాకులకీ ఇదే పాఠం. మన దేశంలో బ్రిటిష్ అధికారుల నడుముకి వేలాడిన వెబ్లీ రివాల్వర్ .455 తూటాలో ఉన్నది అడుగు గుంట సీసపు గుండే. తర్వాత పొగలేని మందు వచ్చింది. 1900ల మొదట్లో నీలగిరిలో కూనూరు పక్క అరువంకాడులో కార్డైట్ ఫ్యాక్టరీ పెట్టినది ఆ రకం మందు కోసమే. నల్లమందుకంటే దాని బలం చాలా ఎక్కువ. అక్కడ అడుగు ఆకారం ప్రాణం మీదికి వచ్చే సంగతి అయింది.

ఎలాగంటే, చదును అడుగు గుండు ఓర్చుకునే ఒత్తిడిని గుంట అడుగు గుండు ఓర్చుకోదు. దాని అంచు పలచన. మందు మితిమీరితే అంచు చిరిగి గొట్టంలో ఉండిపోవచ్చు, వెనుక వచ్చే గుండు దాన్ని గుద్దుకోవచ్చు. పైగా ఒకే బరువున్నా గుంట ఉన్న గుండు పొడవు ఎక్కువ. తూటా డొక్కులోకి లోతుగా కూర్చుంటే మందుకి చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే తూటాలు నింపే దేశాల్లో ఒక్కో గుండుకి ఒక్కో పట్టిక ఉంటుంది. అడుగు మారితే లెక్క మళ్లీ కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. రైల్వేలో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: వ్యాగన్ పక్కన రాసిన బరువు ఆ వ్యాగన్‌కే, పక్క వ్యాగన్‌కి చెల్లదు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. తెలుసుకోవడానికే రాస్తున్నాను.

అమెరికాలో ఫ్రాంక్లిన్ మాన్ అనే డాక్టరు ఏళ్ల తరబడి గుండ్లు కాల్చి 1909లో పుస్తకం వేశాడు. ముక్కు చెడిన గుండు దాదాపు గురికే పోతుంది, అడుగు చెడిన గుండు దారి తప్పుతుంది అని చూపించాడు. కారణం సులువే. గొట్టం చివర అన్నిటికంటే చివరగా వదిలేది అడుగు. అక్కడ ఒక పక్క నలిగి ఉంటే గాలి ఆ పక్కనుంచి ముందు తప్పించుకుని గుండుని తోసేస్తుంది.

బెండు ముక్క ఇంకా బతికే ఉంది. ఎయిర్ పిస్టల్‌లో వేసే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ తిప్పి చూడండి. నడుము సన్నం, వెనుక పావడాలాగా గుల్ల. మందు లేదు, నిప్పు లేదు, గాలి ఒక్కటే. అచ్చం ఊదుగొట్టమే. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చినది అలాంటి పెల్లెట్‌తోనే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్‌లో వెండి తెచ్చినదీ దానితోనే.

నార్టన్ పేరు ఉంది, గ్రీనర్ పేరు ఉంది, మినియే పేరైతే గుండుకే పెట్టారు. మొదట బెండు చెక్కినవాడి పేరు ఒక్కటే పోయింది. వాడికి తెలివి లేక కాదు, రాసేవాళ్లు పక్కన లేక. మన ఇళ్లలో కూడా అలాంటివాళ్లు ఉన్నారు. ఏతం కట్టినవాళ్లు, కపిల తోలినవాళ్లు, గానుగ సరిచేసినవాళ్లు, మగ్గానికి మరమ్మతు చేసినవాళ్లు. వాళ్లలో ఎనభై దాటినవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. ఏం చేశారో, ఎలా చేశారో రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలోనే రాయండి. ముందుగా మాత్రం పేరు రాయండి.