ఐదుగురు రౌతుల్లో ఒకడు

కుడిచెయ్యి పైకి లేచి ఉంది. పిడికిలి బిగిసి ఉంది. అందులో ఈటె లేదు.

ముందుకాళ్లెత్తిన గుర్రం కింద శత్రువు నేలకొరిగాడు. గుర్రం మీదున్న కుర్రాడికి ఇరవై ఏళ్లు. పేరు దెక్సిలియోస్. ఏథెన్స్ రౌతు.

క్రీస్తుపూర్వం 394. స్పార్టా ఒకవైపు, ఏథెన్స్, థీబ్స్, కొరింథ్, ఆర్గోస్ మరోవైపు. కొరింథ్ నేల మీద జరిగిన పోరులో దెక్సిలియోస్ పడిపోయాడు. యుద్ధంలో పోయినవాళ్ల అస్థికలను ఊరికి తెచ్చి, ప్రభుత్వమే ఉమ్మడి సమాధిలో ఉంచడం ఏథెన్స్ ఆచారం. ఇంటివాళ్లకు విడిగా పూడ్చుకునే వీలు లేదు. బిడ్డ ఊరందరి వాడైపోయాడు. అయినా ఆ ఇంటివాళ్ల మనసు ఒప్పుకోలేదు. కెరమైకోస్ శ్మశానంలో, దారి పక్కనున్న తమ కుటుంబం స్థలంలో, పాలరాతి మీద వాణ్ణి మళ్లీ గుర్రమెక్కించారు.

బొమ్మ కింద నాలుగు ముక్కలు చెక్కించారు. లుసానియాస్ కొడుకు, థోరికోస్ వాడు. ఫలానా అధికారి ఏలుబడిలో పుట్టాడు, ఫలానా అధికారి ఏలుబడిలో కొరింథ్‌లో పోయాడు. ఐదుగురు రౌతుల్లో ఒకడు.

సమాధి రాయి మీద పుట్టిన ఏడు రాయడం ఏథెన్స్‌లో ఆనవాయితీ కాదు. మరి వీళ్లెందుకు రాయించారు? అంతకు పదేళ్ల ముందు, 404లో, ‘ముప్ఫైమంది’ నిరంకుశులు నగరాన్ని చెరబట్టినప్పుడు అశ్వదళం వాళ్ల పక్షాన నిలిచింది. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక రౌతు అంటేనే జనానికి అనుమానం. పుట్టిన ఏడు 414. లెక్క కట్టుకుంటే అప్పటికి వీడు పదేళ్ల పసివాడు. మా పిల్లాడికి ఆ పాపంతో సంబంధం లేదని ఆ రాయి చెబుతోందని చాలామంది పండితుల అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తుంది. బిడ్డ పోయిన దుఃఖంలో ఉండి కూడా వాడి పేరుకు మచ్చ రాకూడదని తాపత్రయపడ్డ ఇల్లది.

ఆ ఐదుగురెవరో మాత్రం రాయి చెప్పదు. ప్రభుత్వం వేయించిన మరో రాతి మీద కొరింథ్‌లో పోయిన రౌతుల పేర్లు పదకొండున్నాయి. దెక్సిలియోస్ పేరూ అందులో ఉంది. వాళ్లలో ఆ ఐదుగురు ఏం చేశారో అప్పట్లో ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలిసే ఉంటుంది. అందుకే కాబోలు, విడమరచి రాయలేదు.

1863లో తవ్వకాల్లో ఈ ఫలకం వెలుగు చూసింది. ఈటె, కళ్లెం కంచువి. అవి ఏనాడో ఊడిపోయాయి. వాటిని బిగించిన చిల్లులు మిగిలాయి.

గ్రీకు శిల్పాలకు ప్లాస్టర్ పోతలు తీయించి యూరప్, అమెరికా మ్యూజియంలు గదుల నిండా నింపుకున్న కాలమది. రాతికి సబ్బో నూనో పట్టించి, ముక్కలు ముక్కలుగా మూస తీసి, వాటిని కూర్చి, లోపల తెల్లటి ప్లాస్టర్ పోస్తారు. ఆరాక మూస విప్పితే అతుకుల చోట సన్నటి గీతలు కనిపిస్తాయి. ఉలి దెబ్బ, విరిగిన అంచు, అక్షరం లోతు, అన్నీ దిగుతాయి. పోత పోసేవాడు లేని కళ్లాన్ని కల్పించడు. ఖాళీ పిడికిలి ఖాళీగానే వస్తుంది. పోతల మీద నాకున్న గౌరవమంతా ఆ నిజాయితీ వల్లే.

ఎప్పుడైనా ఇలాంటి పోత ఎదురైతే నకలే కదా అని దాటిపోకండి. ఒక్క నిమిషం ఆగి గుర్రం తల దగ్గర చిల్లులు వెతకండి. ఏథెన్స్ వెళితే కెరమైకోస్‌లో ఆ కుటుంబం స్థలం దగ్గరే నిలబడి చూడవచ్చు. అక్కడ ఎండలో ఉన్నది నకలు. అసలు రాయి అదే ప్రాంగణంలోని మ్యూజియంలో ఉంది. దెక్సిలియోస్‌ను ఆ రాతి కింద ఏనాడూ పూడ్చలేదు.