ఒమన్‌లో వృద్ధాప్యం

ఒమన్ పాత తరం వయసు చాలావరకు అంచనాయే. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి జననాల నమోదు దేశమంతటా లేదు. చాలామంది పుట్టినతేదీలు తర్వాత కాగితాల కోసం వేసుకున్నవి. ఆనాటి ఇతర లెక్కలూ ఇంతే: అప్పట్లో దేశం మొత్తానికి మూడే బడులన్న లెక్క తరచు కనిపిస్తుంది గానీ, ఊరూరా ఉన్న ఖురాన్ బడులు అందులో లేవు. సగటు ఆయుర్దాయం దాదాపు 50 ఏళ్ల నుంచి 75 దాటిందనడంలో మాత్రం పేచీ లేదు.

డబ్బు, చదువు వచ్చి పెద్దల మర్యాద పోయిందన్న వాదాన్ని గల్ఫ్ దేశాలన్నిటికీ వర్తింపజేస్తుంటారు. ఒమన్‌లో తగ్గింది మర్యాద కాదనీ, పెద్దల తెలివిడితో ఊరికున్న అవసరమనీ అనుకోవడమే సబబు. ఊరంతా వంతుల వారీగా నీళ్లు పంచుకునే ఫలజ్ కాలువలనే చూడండి. నీటి వంతు రమారమి అరగంట. దాన్ని పగలు పాతిన కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి తేల్చేవారు. మన చెరువుల కింద నీరటి మాటకు ఉన్నంత విలువ ఆ లెక్క తెలిసిన వృద్ధుడి మాటకూ ఉండేది. 2006లో అయిదు ఫలజ్‌లు యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఆపాటికే చాలాచోట్ల చేతి గడియారం ఆ పని చేస్తోంది. ఊరివారు కూడే సబ్లాలో పెద్దాయన అడుగుపెడితే కూర్చున్నవారు ఇప్పటికీ లేస్తారు, కానీ నీటి వేళ అడగరు.

ముసలివారు పిల్లల దగ్గరే ఉంటారు గనుక వారికి విడిగా డబ్బెందుకన్న ఆక్షేపణ ఉంది. 2023 సామాజిక రక్షణ చట్టం దాన్ని పట్టించుకోలేదు. 2024 జనవరి నుంచి 60 నిండిన ప్రతి ఒమనీకీ, ఇంటి ఆదాయంతో నిమిత్తం లేకుండా, నెలకు 115 రియాళ్లు వస్తున్నాయి. ఎన్నడూ జీతమెరగని ఆడవారికి ఇది చిన్న మార్పు కాదు. అయితే డబ్బు మంచం దగ్గర కూర్చోదు. రుస్తాఖ్‌లోని ప్రభుత్వ వృద్ధాశ్రమం లాంటివి అరుదు కావడాన్ని కుటుంబ బంధానికి రుజువుగా చూపుతారు. పెద్దలున్న ఇళ్లలో చాకిరీ చేసేవారిలో గోదావరి, కడప జిల్లాల స్త్రీలు ఉన్న సంగతి ఆ రుజువులో కలవదు. అలా పనికి వచ్చినవారు అక్కడే ముసలివారు కావడమూ కష్టమే. 60 దాటిన విదేశీయులను పనిలో ఉంచుకోరాదన్న నిబంధనను 2022 జనవరిలో ఎత్తేసినా, వీసా ఉద్యోగానికే ముడిపడి ఉంది. పని ఆగితే తిరుగు ప్రయాణమే. దేశ జనాభాలో వృద్ధుల వాటా తక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఒమనీ పౌరుల లెక్క విడిగా తీస్తేనే అసలు నిష్పత్తి తెలుస్తుంది.