రాతిమీద రుద్రమదేవి

చరిత్రలో పేరుపొందిన స్త్రీలను గూర్చి ముచ్చటింపవలెనన్నచో, మన గుంటూరు సీమ పెద్దలు మొదట పలుకు పేరు నాయకురాలు నాగమ్మది. కారెమపూడి వీరుల తిరునాళ్లకు పోయివచ్చినవారికి ఆమె కథను నేను చెప్పనక్కరలేదు. కాని ఆ కథ బ్రహ్మనాయని పక్షము వహించి పాడినవారి నోటనుండి మనకు దక్కినది. ఆమె మంచిచెడ్డలను తూచుటకు మనకున్న తక్కెడ ఆ పాటయే. అందుచేత నేడు, పాటకంటె రాతినే ఎక్కువగా నమ్మి, కాకతి రుద్రమదేవిని గూర్చి విన్నవించెదను. ఓరుగల్లు రాణికి మన యూళ్లతో నేమి పని యందురేమో! చాల పని కలదు.

ఆమె తండ్రి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు ఏలినాడు. మగసంతు లేనందున కూతునే రాజ్యమునకు సిద్ధపరచినాడు. శాసనములలో ఆమె పలుచోట్ల రుద్రదేవ మహారాజు. నిడుదవోలు చాళుక్యుడైన వీరభద్రుడు ఆమె భర్త. అయినను సింహాసనము తండ్రివలన వచ్చినదేకాని మగనివలన వచ్చినది కాదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మనకు మరల పని పడును. దేవగిరి యాదవులతో ఆమె చేసిన యుద్ధములను మీరు వినియేయుందురు. వానినటుండనిచ్చి, కృష్ణయొడ్డునకు పోవుదము.

విజయవాడకెదుట, నదికి దక్షిణపుటొడ్డున మందడమను గ్రామము కలదు. దాని చెంత మల్కాపురములో నొక శిలాశాసనమున్నది. శకవర్షము 1183, అనగా క్రీస్తుశకము 1261 నాటిది. గౌడదేశమునుండి వచ్చిన విశ్వేశ్వర శివాచార్యులు గణపతిదేవునకు దీక్షాగురువు. ఆయనకు మందడము నిత్తునని తండ్రి మాట యిచ్చినాడు. కూతురా మాటను చెల్లించి, తన సొంతదానముగా వెలగపూడిని గూడ ధారపోసినది.

ఆ గ్రామములపై వచ్చు రాబడిని మూడు పాళ్లు చేయవలెనని కట్టడి. ఒక పాలు శివునకు. ఒక పాలు మఠమునకును విద్యార్థులకును. మూడవపాలు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు. అయ్యా, ప్రసూతిశాల! నేటికి ఏడువందల అరువదేండ్లకు పైబడిన కాలమున, పురిటినొప్పులు పడు ఆడుదానికొరకు పొలముల శిస్తులో భాగము తీసిపెట్టిరి. ఋగ్యజుస్సామములు చెప్పుటకు ముగ్గురు, తర్కసాహిత్యాదులకు అయిదుగురు ఉపాధ్యాయులుండిరి. ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయుటకొక కరణమును ఉండిరి. బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని యా రాయి చెప్పుచున్నది. (ఆ సత్రపు పులుసులో మిరపకాయ లేదని మాత్రము మరువకుడు. మిరప పోర్చుగీసువారి యోడలతో తరువాత వచ్చినది. ఆనాటి కారము మిరియమే.)

ఈ యేర్పాట్లు చేసినవాడు శివాచార్యుడు. వానికి ఆధారమైన భూమిని ధారపోసినది రుద్రమ. న్యాయముగా చెప్పవలెనన్న కీర్తిని ఇద్దరికిని పంచవలెను. ఆమెకు గుఱ్ఱమును, కత్తిని ఇచ్చి బొమ్మలు వేయువారు ఈ ప్రసూతిశాలను తలపకుండుట నాకు వెలితిగా తోచును. ఆమె ధారపోసిన వెలగపూడిలోనే 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయము వెలసినది.

ఇక సముద్రతీరమునకు. చీరాలకు చేరువనున్న మోటుపల్లి ఆనాడు గొప్ప రేవు. తుపాను దెబ్బకు గట్టుచేరిన యోడల సరకును పూర్వపు రాజులు లాగికొనుచుండగా, గణపతిదేవుడు దానిని మాన్పి, సుంకము మాత్రమే గ్రహింతునని 1244 ప్రాంతమున అభయశాసనము వేయించినాడు. ఆ రేవు పేరనే ఈ దేశమును మార్కోపోలో అను వెనిసు వర్తకుడు తన గ్రంథములో వర్ణించినాడు. ఇచ్చటి వజ్రములను చెప్పినాడు. సాలెగూటివంటి సన్నని నూలుబట్టలను చెప్పినాడు. ప్రత్తి పండించు మనకు ఆ మాట తీపియే. రాణి న్యాయమును, శాంతిని ప్రేమించునదని మెచ్చినాడు. కాని యామెను చనిపోయిన రాజు భార్య యన్నాడు! కూతురు తండ్రి గద్దెనెక్కుట అతని యూహకు అందలేదు కాబోలు. మార్కోపోలో మాటను పట్టుకొని మొదటితరము చరిత్రకారులు కొందరు ఆమెను గణపతికి భార్యగానే వ్రాసిరి. మన శాసనములు కూతురని స్పష్టముగా పలికి, ఆ పొరపాటును దిద్దినవి.

రుద్రమకు గణపాంబ యను తోబుట్టువు కలదు. ధరణికోట నేలిన కోట బేతరాజు ఆమె భర్త. అతడు గతించిన పిదప అమరావతి ప్రాంతమును ఆమెయే పాలించినది. భర్తపేర శివాలయము కట్టించినది. యనమదల శాసనము ఆ సంగతిని చెప్పుచున్నది. అక్కచెల్లెండ్రిద్దరును రాజ్యమేలిరి. ఒకరి పేరు బడిపిల్లలకును తెలియును. రెండవవారి పేరు, ఆ గుడి చుట్టుపట్ల పొలము దున్నువారికిని తెలియదు.

రుద్రమ చివరినాళ్ల కథ త్రిపురాంతకమునకు మనలను తీసికొనిపోవును. కాయస్థ అంబదేవుడు ఆమెకు సామంతుడై యుండి ఎదురుతిరిగినాడు. 1290లో అచ్చట వేయించిన శాసనమున తన విజయములను వరుసగా చెప్పుకొన్నాడు. తన యేలిక యని ఆమెను పేర్కొనలేదు. మల్లికార్జునుడనువానిని సప్తాంగములు లేనివానిగా చేసితినని మాత్రము గొప్ప చెప్పుకొన్నాడు. ఈ మల్లికార్జునుడు రుద్రమ సేనాపతియే యని పండితుల తలంపు.

ఆమె 1295 వరకు జీవించెనని వెనుక అనుకొనెడివారు. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము బయటపడిన తరువాత ఆ లెక్క మారినది. 1289 నవంబరు 27వ తేదీకి సరియగు దినమున పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివలోకమునకేగిన తన రాణికిని, మల్లికార్జున నాయకునకును పుణ్యముగా అచ్చటి దేవునికి భూమి యిచ్చినాడు. అంబదేవుని చేతిలో ఇరువురును కూలిరని ఈ రెండు రాళ్లను జతపరచి పండితులు ఊహించుచున్నారు. అప్పటికామె వృద్ధురాలు.